బండి ఎవరిది?

“మీరే చంపిండ్రు! మిరప బస్తాలేసే బండ్ల యాభై మందిని కుక్కి మీరే చంపిండ్రు!”

నాగక్క అరుపుకు, ఏన్కూరు రోడ్డు మీద ఆగిపోయిన బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టారు. ఆమె వేలు ఎటు చూపితే అటున్నవాళ్లు పక్కకు జరుగుతున్నారు. కూలీల మేస్త్రీ వైపు చూపింది. పోలీసుల వైపు చూపింది. మిరపకోతలున్నన్నాళ్లూ ఈ పికప్పులు మనుషుల్ని సరుకులా మోసుకుపోతుంటే, ఒక్కనాడూ చెయ్యెత్తి ఆపనివాళ్లందరి వైపూ చూపింది.

రోడ్డు మధ్య, చాప మీద ఆమె చెల్లెలు దుర్గ ఉంది. మొహం మీద తువ్వాలు కప్పారు. తలవైపు దుర్గ మొగుడు దస్రు కూర్చున్నాడు.

దుమ్ముగూడెం అవతల వాళ్ల గూడెం. ఏటా కోతలకు నెల రోజుల బియ్యం, గిన్నెలు, చివరికి కోళ్లను కూడా మూటగట్టుకుని బండెక్కుతారు. ఎక్కక ఏం చేస్తారు? ఆ గూడేనికి బస్సు రాదు. ఈ పొద్దున మలుపులో టైరు పేలి బండి పల్టీ కొట్టింది. అడుగున దుర్గ. ఆమె మీద ఇరవై మంది. డ్రైవర్ టేకు చెట్లలో పడి పారిపోయాడు.

“శవాన్ని లేపండి. ఖమ్మం దవాఖానాకు పంపాలి,” అన్నాడు ఎస్సై.

“ఓనర్ ఎవడో తేలేదాక లేపం సారూ,” అన్నాడు దస్రు.

“డ్రైవర్ మీద కేసు కడతానన్నాను కదయ్యా.”

“డ్రైవర్ జీతగాడు. ఆ టైర్లు సూడుండ్రి, గుండు లెక్క నున్నగున్నయ్. గసుంటి బండిని రోడ్డెక్కిచ్చినోడెవడు? వానికి బేడీలెయ్యిండ్రి.”

పొద్దున్నుంచి దస్రు అన్నది ఈ ఒక్క మాటే. ఏడవలేదు. నీళ్లు తాగలేదు.

అందరి కళ్లూ మేస్త్రీ రమణ మీదే ఉన్నాయి. బండి ముందద్దం మీద ఉన్నది రమణ కూతురి పేరు. అమావాస్యకు బండికి నిమ్మకాయలు కట్టేది రమణ పెళ్లాం.

“నాది కాదు సార్,” అన్నాడు రమణ. “కూలీలను మాట్లాడి పంపుడే నా పని. బండి కిరాయిది.”

“కిరాయి బండి మీద నీ బిడ్డ పేరు ఎట్లొచ్చిందిరా?” నాగక్క మీదికి పోయింది.

“ఓనర్ రాసుకోమన్నడు.”

“అబ్బో, గంత మంచోడా! జర పిలువు, కాళ్లు మొక్కుత.”

ఎవరో నవ్వబోయి, చాప వైపు చూసి ఆపుకున్నారు.

బండిలో కాగితాల్లేవు. ఎస్సై ట్యాబ్‌లో నంబరు కొట్టాడు. అడవిలో సిగ్నల్ ఎక్కడిది? ట్యాబ్ ఇచ్చి కానిస్టేబుల్‌ను గుట్ట మీదికి పంపాడు.

దస్రు తువ్వాలు మీద వాలుతున్న ఈగల్ని తోలుతున్నాడు. అంతకుమించి చేతిలో ఏముంది?

దుర్గకు పికప్ మీద మనసుండేది. చిన్నది కాదు, టన్నున్నర లాగేది. “ఇప్పపువ్వు, చింతపండు మనమే భద్రాచలం తోలుకపోదాం. షావుకారు బండి కోసం ఎన్ని దినాలు సూస్తం?” అనేది. మూడేళ్ల కిందట గిరిజనులకు సబ్సిడీ బండ్లని తెలిసి, భార్యాభర్తలిద్దరూ అర్జీ పెట్టుకున్నారు. ఆఫీసులు తెలిసిన మనిషని రమణే వెంట తిప్పాడు. ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ దస్రు వేశాడు. పేరు రాలేదని రమణే వచ్చి చెప్పాడు. మన పేరు ఎప్పుడొచ్చింది కనక! ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఏడు కూడా దుర్గ మూట నెత్తిన పెట్టుకుని కోతలకు ఎక్కింది.

రమణ వచ్చి దస్రు పక్కన గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

“దస్రూ, జర ఇను. ఓనర్ ఓనర్ అనకు. కేసు డ్రైవర్ మీద పోనీ. నీ మంచికే చెప్తున్న.”

“నా మంచి గీడ పండుకుంది,” అన్నాడు దస్రు. “లేచి అవతలికి పో.”

గుట్ట దిగి కానిస్టేబుల్ వచ్చాడు. ఎస్సై ట్యాబ్ అందుకున్నాడు. చూశాడు. మళ్లీ చూశాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

“ముందు శవాన్ని లేపుదాం. పేరు స్టేషన్‌లో చూద్దాం.” ఇందాకటి కరుకుదనం ఆ గొంతులో లేదు.

అంతే, గూడెం గూడెమంతా లేచింది.

“అమ్ముడువోయిండు! ఎస్సై అమ్ముడువోయిండు!”

“పెద్దోని పేరొచ్చిందా సార్, నోరు పడిపోయింది?” నాగక్క రోడ్డు మీద దుమ్ము పట్టి జీపు మీద చల్లింది.

“అమ్మా, నా మాట విను. ఇక్కడొద్దు.”

“ఈడనే! నా చెల్లె ఈడనే సచ్చింది!”

దస్రు లేచాడు. పొద్దున్నుంచి మొదటిసారి చాప వదిలాడు. జీపుకు అడ్డం వచ్చి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

“చదువుండ్రి సారూ, గూడెమంత ఇనేటట్టు చదువుండ్రి, ఆ ఓనర్‌కు ఈడనే, గిప్పుడే బేడీలెయ్యిండ్రి!” అని దస్రు కదలక మెదలక నిలబడితే, ఎస్సై తలెత్తకుండా చదివాడు: “ఓనర్, సోడె దస్రు, తండ్రి ముత్తయ్య.”