నూట పన్నెండో పేజీ

“ఈస్టరా? ఈస్టర్ పండక్కీ నీ థీసిస్‌కీ ఏం సంబంధమే?” అన్నాడు యోరిస్, మెడకు తెల్ల బో టై సర్దుకుంటూ.

“మెల్లగా మాట్లాడరా! తలుపు అవతలే అందరూ ఉన్నారు” అంది హిల్కె. “ఆ రోజుల్లో హాలండ్‌లో కొత్త సంవత్సరం జనవరికి కాదు, ఈస్టర్‌కి మొదలయ్యేది. ఉత్తరం మీద ఫిబ్రవరి 1571 అని ఉందంటే, మన లెక్కలో అది 1572. నిన్న సాయంత్రం ఇస్త్రీ చేస్తుంటే తట్టింది. చొక్కా కూడా మాడిపోయింది.”

“ఒక్క ఏడాదే కదా!”

“ఆ ఒక్క ఏడాదే నా కొంప ముంచుతుంది.”

యోరిస్ ఆమె చిన్ననాటి స్నేహితుడు. డాక్టరేట్ పరీక్షలో అభ్యర్థి పక్కన ఒక తోడు నిలబడాలన్నది అక్కడి ఆనవాయితీ. తోడు పెళ్లికొడుకు లాంటి పని. సూటు వేసుకోవాలి, నోరు మూసుకోవాలి. మొదటిది అతనికి చేతనయింది.

నాలుగేళ్లుగా హిల్కె ఒకే ఒక్క ప్రత్యయం వెంట పడింది. ‘ఆజ్’ అనే ఆ తోక ఫ్రెంచివాళ్ల సొత్తు. ఫ్రెంచి మాటలతో పాటు డచ్చిలోకి వచ్చింది. వచ్చి ఊరుకోక డచ్చి మాటలకూ అతుక్కుంది. ‘స్లైట్’ అంటే అరగడం, నిఖార్సైన డచ్చి మాట. దానికి ఈ తోక తగిలిస్తే ‘స్లైటాజ్’, అంటే అరుగుదల. మొదట తగిలించింది ఎవరు? పండితులే అని ప్రొఫెసర్ హార్మ్సెన్ ముప్పై ఏళ్ల క్రితమే తేల్చేశారు. 1571 నవంబరులో అచ్చయిన ఒక పుస్తకం ఆయన సాక్ష్యం. కాదు, రేవులో పనివాళ్లు అంది హిల్కె. ఓడల తాళ్లు పేనే ఒకతను భార్యకు రాసుకున్న ఉత్తరం ఆమె సాక్ష్యం. నూట పన్నెండో పేజీలో ఉంది. తొమ్మిది నెలల తేడాతో పండితులు ఓడిపోయారు. ఈస్టర్ లెక్క వేస్తే మూడు నెలల తేడాతో వాళ్లే గెలుస్తారు.

ఇవాళ ఆఖరున ప్రశ్న అడిగేది ఆ హార్మ్సెన్ గారే.

“అయినా ఇక్కడ ఫెయిల్ చెయ్యరు కదే.”

“చెయ్యరు, పరువు తీస్తారు. ఆయన ప్రశ్న రెండు వాక్యాలు దాటదురా. రెండోది కత్తి. కిందటేడు ఆ కత్తి తగిలినవాడు ఇప్పుడు చీజ్ అమ్ముకుంటున్నాడు. నాకు సోమవారం నిఘంటువు ఆఫీసులో ఇంటర్వ్యూ. వాళ్లందరూ ముందు వరసలోనే కూర్చున్నారు.”

“అయితే ముందే చెప్పేసెయ్.”

“వచ్చే నెల పత్రికలో నేనే దిద్దుబాటు రాస్తాను. మిగతా ఐదు అధ్యాయాలూ గట్టివి, వాటి మీద నాకు బెంగ లేదు. ఇవాళ ఆయన అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నోరెత్తను. పద.”

పరీక్ష ముప్పావు గంట. ప్రశ్నలడిగే పెద్దలు నలుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. మొదటి ముగ్గురినీ హిల్కె నల్లేరు మీద బండిలా దాటేసింది.

“తోక ఒంటరిగా సరిహద్దు దాటదండి” అంది స్వీడన్ నుంచి వచ్చినావిడతో. “ముందు పాతిక ముప్పై మాటలు దాటాలి. వాటిని చూసి జనం అచ్చు పట్టేస్తారు. ఆ తర్వాత సొంత సరుకు అందులో పోస్తారు. మీ స్వీడన్‌వాళ్లూ అదే చేశారు కదా!”

హాలంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది.

హార్మ్సెన్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయన చేతిలోని హిల్కె థీసిస్ ప్రతి నిండా పసుపు చీటీలే.

“అభ్యర్థి గారూ, నూట పన్నెండో పేజీ తియ్యండి.”

హిల్కె పేజీ తీసింది.

“ఈ తాళ్లాయన ఉత్తరం చదువుతుంటే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయనదీ రేవే. పొగబెట్టిన ఈల్ చేపలు అమ్మేవాడు...”

అక్కడి నుంచి మేనమామ పడవ వచ్చింది. పడవకు పడిన చిల్లు వచ్చింది. మేనమామ బూతుల్లో ఎన్ని ఫ్రెంచి తోకలుండేవో లెక్క వచ్చింది. పెద్దాయన గడియారం వైపు చూశారు, మంచినీళ్లు తాగారు, మేనమామ రెండో పెళ్లి దగ్గర మళ్లీ అందుకున్నారు. వెనక వరసల్లో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి.

“ముసలాయన పని అయిపోయిందే” అని గొణిగాడు యోరిస్.

“ఇంతకీ నా ప్రశ్న ఏమిటంటే...”

తలుపులు తెరుచుకున్నాయి. నల్ల గౌనులో బంట్రోతమ్మ లోపలికొచ్చి, గంటల కర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచింది.

“హోరా ఎస్ట్!”

సమయమైపోయింది. ఆ మాట పడ్డాక రాజుగారైనా సగం వాక్యం మింగాల్సిందే. హార్మ్సెన్ గారు మింగారు.

పట్టా చేతికొచ్చింది. విందులో యోరిస్ గ్లాసు పట్టుకుని మేనమామ రెండో పెళ్లి నటించి చూపిస్తుంటే హిల్కె కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వాక జాలేసింది.

“పాపంరా. ఆయన ముప్పై ఏళ్ల నాటి మాట నెగ్గేది అక్కడే. పేజీ తీసి కూడా చూసుకోలేదు.”

“రైలుకి టైమైందని వెళ్లిపోయాడు. మేనమామ ధ్యాసలో నీ థీసిస్ ప్రతి కూడా బల్ల మీదే మరిచిపోయాడు. ఇదిగో, సంతకం పెట్టు, పోస్టులో పంపిద్దాం.”

హిల్కె కలం తీసింది. పుస్తకం తెరిస్తే పసుపు చీటీ ఉన్న చోటే తెరుచుకుంది. నూట పన్నెండో పేజీ. తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. పక్కన ‘ఈస్టర్ లెక్క, 1572’ అని ఉంది.

కలం ఆగిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది.

‘తనే దిద్దుకుంటుంది, పది నిమిషాలకు సరిపడా ఒక మేనమామను కల్పించుకోవాలి.’