ఐదూ పది

"టైము అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు?" విచారణకు వచ్చిన అధికారి మళ్లీ అడిగాడు.

"గోదాం తలుపు మీద గడియారం ఉంది సార్. తలెత్తి చూశాను. ఐదూ పది," అన్నాడు అచ్చు యంత్రం నడిపే మిషన్‌మన్. "ఇంటి దగ్గర గడియారాలు బాగుచేస్తుంటాను. ముళ్లు చూడ్డంలో నాకు పొరపాటు రాదు."

ఆ ప్రింటింగ్ ప్రెస్సులో ఐదు గంటల బెల్లు మోగాక ఎవరూ మిషన్ ముట్టకూడదు. పోయిన సోమవారం కటింగ్ మిషన్ బ్లేడు విరిగింది. బెల్లుకు ముందు విరిగితే పనిలో జరిగిన నష్టం. తర్వాత విరిగితే ఆ మిషన్ మీద పుస్తకాల అంచులు కోసే బైండరు దొంగచాటుగా సొంత పని చేసుకున్నట్టే, ఉద్యోగం ఊడినట్టే. అతనికి ఆ అలవాటుందని ప్రెస్సులో అందరికీ తెలుసు. రెండుసార్లు చీవాట్లు కూడా తిన్నాడు. ఆ రోజు కాగితం కోసం గోదాంకు పోతూ మిషన్‌మన్ అతన్ని బ్లేడు దగ్గర చూశాడు. చూసిందే చెప్పాడు.

బెల్లుకు ముందే విరిగిందనీ, భయపడి తెల్లారేదాకా నోరెత్తలేదనీ బైండరు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఎవరు నమ్ముతారు? చివరికి అతనూ తడబడ్డాడు. ఆ గడియారం ముందు నడుస్తోందేమో అన్నాడు. అధికారి నవ్వి సంతకం పెట్టేశాడు. పన్నెండేళ్ల కూడు ఒక ముల్లు కొన మీద తెగిపోయింది.

గేటు దగ్గర బైండరు టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని నిలబడ్డాడు. "నిజంగా చూశావా అన్నా?"

"ఈ కళ్లతోనే చూశాన్రా. ఆ ముళ్లు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి."

మిషన్‌మన్ ఇంటికొచ్చాడే గానీ కాలు నిలవలేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. అబద్ధమాడలేదు కదా, మరెందుకీ పీకులాట? చూసి చూసి భార్యకు విసుగొచ్చింది.

"ఏంటలా కాలుకాలిన పిల్లిలా తిరుగుతారు? చేతికి పనుంటే మనసు కుదుటపడుతుంది. మంచం కింద ఆ గడియారాల మూట రెండు నెలలుగా కాళ్లకు అడ్డం పడుతోంది. బాగుచేసి ఎవరివి వాళ్లకిచ్చేయండి."

అదీ నిజమేననిపించింది. మూట బయటికి లాగాడు. తెచ్చి కట్టింది కట్టినట్టే ఉంది, ముడి మీద దుమ్ము. విప్పాడు. పైన పక్కింటివాళ్ల అలారం. దాని కింద ఎవరిదో పట్టీ తెగిన వాచీ.

అన్నిటికంటే అడుగున ప్రెస్సు గోదాం గడియారం, ఐదూ పది దగ్గర ఆగి ఉంది.