లాభం, రెండు, మూడు

“పోర్టంటే ఏటి బాబూ? ఓడలు ఆగే మన పోర్టేనా?”

ఫోనులో ఆ మాట వినగానే సాయిశంకర్‌కి ఒళ్ళు మండింది. ఆదివారం మధ్యాహ్నం, గోపాలపట్నంలో ఇంట్లో కూర్చుని కలుపుకున్న పీతల కూర ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. యాస వింటే చాలు, ఎవరో తెలిసిపోయింది. హార్బర్ దగ్గరి చేపల ఎగుమతి కంపెనీ. వాళ్ళకి కంప్యూటరు లెక్కలు దాచే డిస్కుల పెట్టె అమ్మితే కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టేనని అతను అప్పుడే మొత్తుకున్నాడు, వినేదెవరు?

ఆ పెట్టెకి డ్రైవర్ రాసింది అతనే. డ్రైవరంటే బండి తోలేవాడు కాదు, ఏ పోర్టుకి ఏ డిస్కు తగిలించి ఉందో కంప్యూటరుకి చెప్పే ప్రోగ్రాము. దాని కొత్త రూపం, రెండేళ్ళ చాకిరీ, ఆటోనగర్ ఆఫీసులో అచ్చం అలాంటి పెట్టెలోనే, అదొక్క చోటే, భద్రంగా ఉంది. రేపు అది బెంగుళూరు కస్టమరుకి చేరితే మేనేజరు కుర్చీ అతనిదే. చేరకపోతే ఉన్న ఉద్యోగమూ ఊడుతుందని బాసు మొహంమీదే చెప్పాడు.

“డిస్కు దూర్చే కన్నాన్ని పోర్టంటారు. తెరమీద ఏముంది?”

“పోర్టు రెండు సచ్చిపోనాదని ఎర్రగా ఉన్నాదండి. నాను ఎల్లారావునండి, ఇక్కడ...”

“నీ పేరెవడడిగాడు? చదవడం వచ్చింది, అదే పదివేలు. రెండో నంబరు పోర్టులో డిస్కు పీకు.”

“ఎక్కణ్ణుంచి లెక్కెట్టాలండి? కన్నాలమీద నంబర్లు నేవు.”

“ఎడమ నుంచి. మొదటిది సున్నా.”

“సున్నా అనకూడదు బాబూ. కొలిసేటప్పుడు మొదటిదాన్ని మేం లాభం అంతాం.”

“లాభమో, నీ పిండాకూడో. ముందు కానీ!”

సాయిశంకర్ ఫోను బల్లమీద పెట్టి ఇంకాస్త కూర వడ్డించుకున్నాడు.

“పీకేసేనండి.”

“సుత్తి ఉందా? చితక్కొట్టు. చచ్చిన డిస్కు చెత్తలోకి పోతే అందులోవన్నీ దొంగలపాలవుతాయి. అది రూలు.”

దబదబా దెబ్బలు వినిపించాయి. ఆ తర్వాత ఎల్లారావు మళ్ళీ ఫోనందుకున్నాడు.

“బాబూ, పెట్టె ఆగిపోనాదండి. ఇప్పుడు ఎర్రలైట్లు రెండు ఎలుగుతన్నాయి.”

“ఎన్నోది పీకావ్?”

“రెండోదేనండి. లాభం, రెండు.”

సాయిశంకర్ పగలబడి నవ్వాడు.

“సున్నా, ఒకటి, రెండు! మూడోది పీకాలిరా. ఆ రెండు డిస్కుల్లోనూ ఉండేది ఒకే సరుకు, ఒకటి పోతే ఇంకోటి ఆదుకోవాలని. ఒకటి దానంతటదే చచ్చింది, బాగున్నదాన్ని నువ్వు చంపావు. చేపల లెక్క తెచ్చి నా డ్రైవర్‌కి రుద్దితే ఇంతే.”

“మరి దాన్లో ఉన్నదండీ?”

“గోవిందా! దేవుడు దిగొచ్చినా తిరిగిరాదు. మీ మొహాలకి తక్కెడ చాలు, కంప్యూటర్లెందుకు?”

“నా పని పోద్దా బాబూ?”

“నీదే కాదు, దాన్ని నమ్ముకున్నవాడి పని కూడా అయిపోయినట్టే.”

ఆ మాట అంటుంటే అతనికి భలే హాయిగా అనిపించింది. చెయ్యి కడుక్కుని కాగితం తీశాడు. తప్పంతా వాళ్ళదేనని ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

“ఇంతకీ హార్బర్ నుంచేనా?”

“కాదు బాబూ, నాను కొత్తగా సేరిన వాచ్‌మేన్ని. ఆటోనగర్లో మీ ఆపీసే.”