గుడ్ల పక్కన జెండా

ఉత్తర సముద్రంలోని మా ఫ్రీజియన్ దీవిలో పిట్టల కాపలా నాది. ఇసుకలో గుడ్లు కనబడితే పక్కనే జెండా పాతుతాను. అక్కడ పని ఆగాల్సిందే.

ఈసారి జెండా చూడగానే, సముద్రపు గట్టు కట్టడానికి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన డ్రైవరు మొమ్మె తన పొక్లెయిన్ ఆపి కిందికి దూకాడు.

"చలికాలం సముద్రం కట్టనివ్వదు, ఎండాకాలం నీ పిట్టలు కట్టనివ్వవు! మరెప్పుడు కట్టమంటావు తల్లీ?"

"పిల్లలు ఎగిరిపోయాక."

"అప్పటికి తుఫాన్లొచ్చేస్తాయి. అదిగో, ఆ చివరి ఇల్లు ఈసారి మిగలదు. జెండా పీకెయ్, నేను చూడలేదనుకో."

మమ్మల్ని గుడ్ల దగ్గర్నుంచి మళ్లించాలని తల్లిపిట్ట రెక్క విరిగినట్టు నటిస్తూ మా కాళ్ల ముందు దేకుతోంది.

"పీకను."

"అయితే ఆ ఇంటి తలుపు కొట్టి నువ్వే చెప్పుకో, పో!"

వెళ్లాను. తలుపు కొట్టలేదు. జేబులోని తాళంచెవితో తెరిచి, లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాను.