రెండు వైపులా తిరిగిన చక్రం

సముద్రం పొంగితే లోపలికి, తగ్గితే బయటికి నీళ్లు పారే కాలవలో పీతమ్మ ఆల్చిప్పల రెక్కలతో చక్రం కట్టింది. అది తిరిగితేనే గట్టుమీది గుంటలో తన పిల్లలకు నీళ్లందుతాయి. పోటుకు గిరగిరా తిరిగిన చక్రం, రెక్కలకు ఒక అంచే పలచగా ఉండటంతో నీళ్లు వెనక్కి మళ్లగానే ఆగిపోయింది. గుంట ఎండసాగింది.

"నీ నడకలాగే నీ చక్రమూ అడ్డదిడ్డమే, పీతమ్మా!" అంది గుంట పక్కన ఒంటికాలిమీద కాచుకునున్న కొంగ.

పీతమ్మ ఎడమకు నడిచింది, కుడికి నడిచింది. ఎటు పోయినా తను ఒళ్లు తిప్పుకునే పనే లేదు! వెంటనే రెక్కల రెండంచులూ ఒక్కలా పలచబడేలా చెక్కసాగింది. ఒక డెక్క విరిగితే రెండోదానితో చెక్కింది.

గుంటలో చారెడు నీళ్లు మిగిలేసరికి చక్రం రెండోవైపుకి కదిలింది.

"ఆ రెండో కాలు కూడా దించు, కొంగన్నా," అంది పీతమ్మ. "తిండికి చాలా దూరం పోవాలి నువ్వు."