ఏడు గంటల పిట్ట

పిట్టల కోసం కొమ్మకు గుచ్చిన అరటిపండును సెరాపియో తింటూ ఇంటి యజమానురాలు దోన్యా ఎదెల్మీరా కంట పడ్డాడు.

"పళ్లు పిట్టలకా, నీకా పెద్దాయనా?" అంది.

"సగం వాటికే ఉంచానమ్మా," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఆమెకు ఒళ్లు మండింది. పోయిన వానల్లో తడిసి ముద్దై వచ్చిన ముసలాయనకు జాలిపడి గిన్నెలు కడిగే పని ఇచ్చింది. పని గోరంత, తిండి కొండంత.

ఆండీస్ కొండ మీద, మబ్బు దిగే అడవి అంచున ఎదెల్మీరావి నాలుగు అద్దె గదులు. వాటిని నిలబెడుతున్నది ఒక్క నీలితల పిట్ట. పిట్టల కోసం వచ్చే దొరలు దాన్ని కంటితో చూడకపోయినా సరే, పాట వింటే చాలు, పుస్తకంలో టిక్కు పెట్టుకుని మురిసిపోతారు. ఆ పిట్ట ఈ మధ్య రోజూ ఏడింటికి, సరిగ్గా కాఫీలు అందేవేళకు, కోళ్లగూడు వెనక పాడుతోంది.

శనివారం పిట్టల సంఘం వాళ్లు వస్తున్నారు. పాట వింటే, పిట్టల కోసం వచ్చేవాళ్లకు దారి చూపే తమ పటంలో ఆమె ఇంటి పేరు వేస్తారు. లేదంటే గదులకు తాళమే.

ఆ ముసలాయన పొద్దున్నే కోళ్లగూడు వెనకే తచ్చాడుతున్నాడని, పిట్ట బెదిరిపోతుందని మొగుడు నబోర్ చెవిలో వేశాడు.

శుక్రవారం ఎదెల్మీరా మొక్కజొన్న రొట్టెలు మూటగట్టి సెరాపియో చేతిలో పెట్టింది.

"రేపొక్కరోజు ఉండనివ్వమ్మా, నీకే మంచిది," అని బతిమాలాడు.

"రేపు అసలే వద్దు. నా మంచి నేను చూసుకుంటాలే."

శనివారం ఏడైంది. ఎనిమిదైంది. సంఘం పెద్ద మూడు కాఫీలు తాగి, కోడిపుంజు కూత మాత్రం విని, పుస్తకం మూసేశాడు.

ఎదెల్మీరా వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. వచ్చే వారానికి గదులన్నీ ఖాళీ.

నెల తిరక్కుండా నబోర్ సంతలో విన్న కబురు మోసుకొచ్చాడు. పిట్ట ఎదురుకొండ మీద ఫుల్హెన్సియో ఇంటికి మకాం మార్చిందట. పటంలో అతని పేరు కూడా ఎక్కిందట.

పెంచిన పిట్ట పరాయి పంచన చేరిందని ఎదెల్మీరా మండిపడింది. మర్నాడు తెల్లారకముందే కొండ దిగి, కొండ ఎక్కి, ఫుల్హెన్సియో కంచె పక్కన నక్కింది.

ఏడైంది. అదే పాట, అదే గొంతు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

మెల్లగా కొమ్మలు తప్పించి చూసింది.

బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెదాలు సున్నాలా చుట్టి సెరాపియో ఈల వేస్తున్నాడు.