ముందు వరుసలో కుర్చీ

“మేడం, జల్ది రాండ్రి! కెమెరాలు గూడ పెట్టేసినరు,” తోటి లెక్చరర్ యమున ఆటోలోంచి కేకేసింది.

మహేశ్వరి కుచ్చెళ్లు సర్దుకుంటూ గేటు దాటింది. కల్లంలో ఆరబోసిన పసుపు కొమ్ములను తిరగేసి, గంప చంకన పెట్టుకుని తల్లి లసుమవ్వ అప్పుడే వస్తోంది. మోచేతుల దాకా పసుపే.

“అయ్యో, ఛార్జర్ మర్చిపోయిన,” అంటూ మహేశ్వరి లోపలికి తిరిగింది. గ్లాసెడు నీళ్లు తాగింది. కుర్చీలో ఒక్క క్షణం కూర్చుని లేచింది.

మళ్లీ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర తల్లి లేదు.

“అమ్మా, చీర మార్చుకొని తయారుండు! ఎంకటన్న మళ్లొచ్చి తోల్కొస్తడు. ముందు వరుసల కుర్చీ నీదే!” అని కల్లం వైపు అరిచి ఆటో ఎక్కింది.

“అవ్వ వస్తదా అక్కా?” ఆటో నడిపే ఎంకటి అడిగాడు.

“రాక ఏం జేస్తది? నా మాటలన్నీ ఆమె మీదనే. రోజూ ఇంట్ల చెప్పి చూసుకున్న. పసుపు ఏరుకుంట విన్నది.”

“విని ఏమన్నది?”

“మంచిగ చెప్తున్నవు బిడ్డా, నిజంగ గట్లయితదా అన్నది.”

వాళ్ల ఊరు పెర్కిట్ నుంచి ఆర్మూర్ ఫంక్షన్ హాలు ఎంతో దూరం లేదు. కాలేజీ వాళ్లు పెట్టిన సభ. ఎండలు ఏటేటా ఎందుకు ముదురుతున్నాయో ఒకాయన చెప్పాడు. బోర్లు ఎందుకు ఎండుతున్నాయో ఇంకొకాయన చెప్పాడు. అన్నీ వీడియోలు తీసి నెట్‌లో పెడతారు. మహేశ్వరిది చివరి ప్రసంగం. బాగా వస్తే హైదరాబాద్‌లో పెద్ద వేదిక ఎక్కిస్తామన్నారు.

జువాలజీ చెప్పే మనిషికి మైకు కొత్త కాదు.

“పసుపు తవ్వేది ఆమె. ఉడకబెట్టేది ఆమె. ఆరబెట్టేది ఆమె. మొగుడు పోయిండని పేరంటంల చిటికెడు పసుపు ఆమెకు పెట్టం. పెండ్లిల వెనక నిలబెడతం. ఎదురొస్తే ఆగిపోతం. ఏ సైన్సు చెప్పింది మనకు? తానెవరి చేతికి అంటుతున్ననో పసుపుకు తెలుసా?”

హాలంతా చప్పట్లు. లైట్ల వెలుగులో కింద ఎవరున్నారో కనిపించడం లేదు. మహేశ్వరి బల్ల మీది పసుపు గిన్నె అందుకుంది.

“మా నాయన పోయినంక మా అమ్మకు ఎవ్వరూ పసుపు పెట్టలె. ఇయ్యాల మీ అందరి ముందర నేను పెడుతున్న. అమ్మా, లేచి రా!”

యమున కెమెరాను ముందు వరుసకు తిప్పింది.

కుర్చీ ఖాళీ. ‘లసుమవ్వ గారు’ అని రాసి అతికించిన కాగితం ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది.

చప్పట్లు ఆగిపోయాయి. గిన్నె పట్టుకున్న మహేశ్వరి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. “ఇంట్ల మనిషినే ఒప్పియ్యలె, మనకు చెప్పొచ్చింది,” అని ఎవరో అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

“గా ముక్క కట్ చేద్దాం మేడం,” అంది యమున తర్వాత. మహేశ్వరి వెళ్లి ఆటో ఎక్కింది.

“నేను పోయిన అక్కా,” ఎంకటి ఆటో తిప్పుతూ నసిగాడు. “పనున్నది, నువ్వు పో అన్నది.”

దారంతా మహేశ్వరి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

ఇంట్లో లసుమవ్వ చాట ముందేసుకుని కొమ్ములు ఏరుతోంది. ఇస్త్రీ చేసిన నీలం చీర మంచం మీద మడత విప్పకుండానే ఉంది.

“నా ఇజ్జత్ తీసినవమ్మా! అంతమంది ముందర ఖాళీ కుర్చీని పిలిచిన. నవ్విండ్రు!”

లసుమవ్వ చాటలోని కొమ్ములు కదిపింది.

“లోకం నిన్ను మూలకు కూసోబెట్టిందని నేను మొత్తుకుంటుంటే, నీ అంతట నువ్వే పోయి మూలకు కూసుంటవా? నువ్వే గిట్లుంటే నేనెంత చెప్పి ఏం లాభం? చీర గూడ తీసిపెట్టుకుంటివి. మరెందుకు రాలె?”

లసుమవ్వ పుచ్చు కొమ్మొకటి పక్కకు వేసింది.

“ఛార్జర్ దొర్కిందా?”

“ఏం ఛార్జర్?”

లసుమవ్వ చాట కింద పెట్టి, పసుపు చేతులు ఒళ్లో దాచుకుంది.

“నేనెదురొచ్చినంక నీకు యాదికొచ్చిన ఛార్జర్, బిడ్డా.”